దస్తగిరి గారు చేరలేని చోటు

విశ్వంభరం గారు శిష్యులతో వాదించేవారు కాదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఎవరైనా ఉచితంగా వాడుకుని, దిద్దుకోగల సాఫ్ట్‌వేర్ రాయడం ఆయన నేర్పే విద్య. ఒకరోజు కౌముది అడిగింది: "గురువుగారూ, మన కోడ్‌ను, అందులో ఎవరెవరు ఏ మార్పులు చేశారో ఆ చరిత్రతో సహా కొత్త వ్యవస్థలోకి మారుస్తున్నాం. అంతా క్షేమంగా చేరిందని ఎలా తెలుస్తుంది?"

ఆయన ఇలా చెప్పారు.

చూపు లేనివారికి తెలుగు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. దాని బాగోగులు చూసేవాడు అభినందన్. ఆ సాఫ్ట్‌వేర్ గొంతు ఒత్తులు మింగకుండా పలికేలా చేసింది మాత్రం దస్తగిరి గారు. నంద్యాలలో చరిత్ర లెక్చరరు. ఆయనకూ చూపు లేదు. పాత వ్యవస్థలో ఆదేశాలు టైపు చేస్తే చాలు గనుక, కంప్యూటర్ చదివేది వింటూ తన మార్పులు తానే పంపేవారు.

అది పాతబడిందని, కొత్తవాళ్ళు రావడం లేదని అభినందన్ అంతా కొత్తదానికి మార్చాడు. నెలల తరబడి కష్టపడ్డాడు. ఒక్క మార్పు పోలేదు, ఒక్క పేరు చెదరలేదు. ఆపైన పాత సర్వర్‌నూ, అందరూ రాసుకునే మెయిల్ చిరునామానూ మూసేశాడు.

కొత్త చోట చేరాలంటే, మనిషేనని రుజువుగా ముందు తెరమీది బొమ్మలు చూసి గుర్తుపట్టాలి. దస్తగిరి గారు అక్కడే ఆగిపోయారు. సాయం కోరుతూ పాత చిరునామాకు రాస్తే, రాసినవన్నీ తిరిగొచ్చాయి. ఆయనకు ఓపిక తగ్గిందేమోనని మిగతావాళ్ళు అనుకున్నారు.

కొన్నాళ్ళకు సాఫ్ట్‌వేర్ గొంతు తడబడసాగింది. ఎవరో బాగుచేయబోయి ఇంకా చెడగొట్టారు. అప్పుడు అభినందన్ నంద్యాల వెళ్ళాడు.

"ఒక్క ఫోన్ చేయకపోయారా సార్?"

"మీ నంబర్లు నాకెక్కడివి నాయనా? ఇక నాతో పని లేదని మర్యాదగా చెప్పారనుకున్నాను."

అభినందన్ ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. ఖాతా తనే తెరిచి ఇస్తానన్నాడు. ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నారు. "ఆ గొంతు వినడం మానేశాను. ఇప్పుడు మా అమ్మాయి చదివి పెడుతోంది, దానికి తీరిక దొరికినప్పుడు."

గురువుగారు ఆగారు. కౌముది, "తర్వాతైనా ఆ సాఫ్ట్‌వేర్ బాగుపడిందా?" అని అడిగింది.

"ఇప్పుడు ఫిర్యాదులేమీ రావడం లేదట."

"అయితే బాగుపడినట్టే కదండీ!"

"వినేవాళ్ళు మానేసినా ఫిర్యాదులు రావు, తల్లీ," అన్నారాయన.