పెళ్లినాటి మైల

కొండలవతల ఒక సంస్థానంలో ఏటిగడ్డవారు రెండిళ్లు. ఒకరిది దివాణం, ఒకరిది పూరిల్లు. దివాణంలోని వీరభూపతికి పూరింటివాళ్ల మాగాణి మీద కన్ను పడింది. భట్రాజును పిలిపించి ఊరి పెద్దల ముందు వంశావళి చెప్పించాడు. రెండిళ్లకూ ముత్తాత ఒకడేనట. కాబట్టి పొలం ఉమ్మడిదట, పెత్తనం పెద్ద ఇంటిదట. అలా పొలం పోయింది. ఆ దిగులుతో పూరింటి రైతు మంచం పట్టాడు.

భూపతి కూతురి పెళ్లినాడు, ముహూర్తానికి కాస్త ముందు, ఆ రైతు కొడుకు తిప్పన్న తడిబట్టలతో పందిట్లోకి వచ్చాడు.

"పెదనాన్నా, అయ్య పోయాడు. దాయాదులం కదా, మీకూ మైలే. పెళ్లి ఆపండి."

వియ్యాలవారు లేచి నిలబడ్డారు. భూపతి ముఖం మాడిపోయింది.

"ఇంటిపేరు కలిస్తే దాయాదులైపోతామా? వీడెవడో, మేమెవరమో."

"అయితే మన ముత్తాతలు వేరా?"

"ముమ్మాటికీ వేరే."

తిప్పన్న ఊరి పెద్దల వైపు తిరిగాడు. "విన్నారుగా. మరి ఉమ్మడి పొలం ఎక్కణ్ణించి వచ్చింది?"

పెద్దలు భూపతి వైపు చూశారు. వియ్యాలవారు ఇంకా నిలబడే ఉన్నారు.

"పొలం నీదే, పో" అన్నాడు భూపతి పళ్లు నూరుతూ.

వెనక మేళాలు మోగుతుంటే తిప్పన్న వెళ్లి, తిరిగొచ్చిన మాగాణిలో తండ్రికి గొయ్యి తవ్వాడు.