హాయిపురం పానకం

కంటతడి అంటే గిట్టని శేషాచలం అనే పెద్దమనిషి హాయిపురానికి అధికారిగా ఉండేవాడు. ఏడుపు లేని ఊరే మంచి ఊరని ఆయన పట్టుదల. అందుకని పొద్దునా సాయంత్రం ఊరందరి చేతా ఒక పానకం తాగించేవాడు. అది తాగితే ఆ పూటంతా దుఃఖం, భయం, కోపం దగ్గరికి రావు. సంతోషమూ రాదు, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా చీటీ రాసి చావడిలోని పెట్టెలో వేయాలి. శేషాచలం మర్నాడు చదివి సాయం పంపేవాడు.

ఆ పానకం కాచే మంగతాయారు మాత్రం నెల రోజులుగా దాన్ని ముట్టలేదు. భర్త పోయినప్పటినుంచి పొయ్యి దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చేది. ఆ సంగతి శేషాచలం చెవిన పడింది.

"ఏమమ్మా, కాచేదానివి నువ్వే తాగకపోతే ఎలా?" అన్నాడు.

"తాగితే మా ఆయన గుర్తొచ్చినా గుండె కదలడం లేదు బాబూ. నా ఏడుపు నాకుండనివ్వండి."

"కుదరదు. రేపు పొద్దున కాలవగట్టున నలుగురి ముందూ తాగు. లేదా ఊరు వదిలిపో."

పాపం, ఆమెకు ఇంకో ఊళ్లో నా అన్నవాళ్లు లేరు.

మర్నాడు అందరూ పానకం తాగి గట్టున చేరారు. మంగతాయారు చేతికి గ్లాసు ఇచ్చారు. అంతలో శేషాచలం మనవరాలు, ఇంకా పానకం తాగే వయసు రాని వకుళ, కాలు జారి కాలవలో పడింది. అందరూ చూశారు. ఒక్కరూ కేక వేయలేదు.

"పాప పడినట్టుందే" అన్నాడొకాయన తీరిగ్గా.

వకుళ తండ్రి జేబులోంచి కాగితం తీసి చీటీ రాయసాగాడు. "పాప వయసు కూడా రాయి" అని గుర్తుచేశాడు శేషాచలం. ఇలాంటి నిబ్బరం పగవాడికి కూడా వద్దు!

"మీ హాయి మండిపోనూ! పిల్ల మునిగిపోతోందయ్యా!" అని అరిచి మంగతాయారు గ్లాసు విసిరికొట్టి దూకింది. పీకలోతు నీళ్లలో తడుముకుంటూ వెళ్లి, పిల్ల జుట్టు దొరకబుచ్చుకుని గట్టుకు లాగింది.

తడిసి ముద్దై వణుకుతూ ఆమె ఇంట్లో పడుకోవడంతో ఆ సాయంత్రం పానకం కాచేవాళ్లు లేకపోయారు. పొద్దుటిది దిగిపోయింది. అప్పుడొచ్చింది శేషాచలానికి భయం! మనవరాలిని గుండెకు కరుచుకుని మంగతాయారు ఇంటికి పరిగెత్తాడు.

"నిన్ను పొమ్మన్న నోరు ఇదేనమ్మా. క్షమించు" అని బావురుమన్నాడు.

"ఏడవండి బాబూ. పిల్ల మీద ప్రేముంది గనకే వస్తోంది" అంది మంగతాయారు.

శేషాచలం మళ్లీ ఆ పొయ్యి వెలిగించనివ్వలేదు. వారంలో ఊళ్లో మూడు తగవులయ్యాయి, నిజమే. కానీ ఇరుగుపొరుగు వచ్చి మంగతాయారు పక్కన కూర్చుని, ఆమెతోపాటు ఏడ్చారు. ఆమె భర్త పేకాటలో చేసే దొంగాటలు చెప్పుకుంటుంటే, నెల తర్వాత మొదటిసారి ఆమె కూడా నవ్వింది.

నీతి: బాధపడటం చేతనైన గుండెకే ఇంకొకరిని కాపాడటం చేతనవుతుంది, హాయిగా ఉంటుందని ఆ గుండెను ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.