కొలిమి ఆర్పిన రాజు

అనగా అనగా, ఏడాది పొడవునా గాలి పడమర నుంచి తూర్పుకే వీచే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని సోమభూపాలుడు ఏలేవాడు. ఆయనది వెన్నలాంటి మనసు. ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా చూడలేడు.

రాజధానిలో దీపాలు వెలగాలన్నా, మేడల మీదికి నీళ్లెక్కాలన్నా పెద్ద బొగ్గుకొలిమి మండాల్సిందే. ఆ పొగంతా గాలివాలున పోయి, తూర్పున ఉన్న నేతపేట మీద పడేది.

ఒకనాడు నేతపేట నుంచి గురవమ్మ అనే నేతగత్తె కొలువుకు వచ్చింది. చేతిలో మసిబారిన చీర.

"ప్రభూ, ఇది పొద్దున ఆరేసిన తెల్లచీర. దీన్నంటే రేవులో ఉతుక్కుంటాను. నా మనవరాలి గుండెల్లో చేరిన మసిని ఎక్కడ ఉతకను?"

రాజుకు కళ్లు చెమర్చాయి. "కొలిమి ఆర్పేయండి!" అన్నాడు.

కొలిమి ఆరింది. మర్నాడే బొగ్గు తవ్వేవాళ్లు పలుగులతో సహా వచ్చి కోట ముందు కూర్చున్నారు. వాళ్ల పెద్ద ఓబయ్య చేతులు జోడించాడు.

"దొరా, ఆ పొగ మేమూ మింగుతున్నాం. కాదనం. కానీ కొలిమి ఆరితే మా ఇళ్లలో పొయ్యి వెలగదు. మాకు తెలిసిన పని ఇదొక్కటే."

అదీ నిజమే అనిపించింది రాజుకు. "అయితే వెలిగించండి" అన్నాడు. తీరా వెలిగించాక గురవమ్మ మొహం గుర్తొచ్చి అన్నం సయించలేదు. నిన్న చేసింది తప్పా? ఇవాళ చేసింది తప్పా? ఎంత ఆలోచించినా తేలలేదు.

అంతలో పద్మనాభుడనే వర్తకుడు వచ్చాడు. "ప్రభూ, గాలిమరలు నిలబెడదాం. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు. దీపాలు వెలిగించేది గాలే, నీళ్లు తోడేదీ గాలే. తూర్పు మైదానం చదునుగా ఉంది. నేతపేటను కాస్త పక్కకు జరిపితే సరి."

రాజు ఎగిరి గంతేసినంత పని చేసి, "అలాగే కానివ్వు" అని మాటిచ్చేశాడు. 'కాస్త పక్కకు' అన్న మాట ఆయన చెవికెక్కనే లేదు.

భటులు ఇళ్ల కప్పులు విప్పుతుంటే గురవమ్మ కొలువుకు పరుగెత్తుకొచ్చింది. "పొగను తీసేయమన్నాను ప్రభూ! మమ్మల్ని తీసేయమన్నానా?"

వెనకాలే ఓబయ్య. "మరి మా కూడు మాటేమిటి దొరా?"

ఆ వెనక వర్తకుడు. "మాటిచ్చారు కదా ప్రభూ!"

రాజుకు తల తిరిగిపోయింది. "ఒకరి కన్నీళ్లు తుడిస్తే ఇంకొకరు ఏడుస్తున్నారే! నాకేమీ పాలుపోవడం లేదు. ముగ్గురూ ఇక్కడే కూర్చుని మీరే తేల్చుకోండి!" అంటూ తానూ సింహాసనం దిగి వాళ్ల పక్కనే చతికిలబడ్డాడు.

మొదట అరుచుకున్నారు. అరుస్తూ అరుస్తూ ఓబయ్యకు దగ్గు తెర వచ్చింది. గురవమ్మ చెంబుతో నీళ్లందించింది. "మా పిల్లదీ ఇదే దగ్గు" అంది. ఆ తర్వాత గొంతులు తగ్గాయి.

"మరలకు గోతులు తవ్వాలి, ఇనుము మోయాలి. ఆ పని మాకిస్తే బొగ్గు మానేస్తాం" అన్నాడు ఓబయ్య.

"పనీ ఇస్తాను, మరలు నడపడమూ నేర్పిస్తాను. కానీ చోటేదీ?" అన్నాడు వర్తకుడు.

"నేతపేట తప్ప గాలి బాగా తగిలే చోటే లేదా?" అని అడిగాడు రాజు.

అందరి చూపులూ కిటికీలోంచి ఒకే వైపు వెళ్లాయి. రాజు కూడా అటు చూశాడు. ఎదురుగా కొండ, దాని మీద తన వేసవి మేడ, పూలతోటలు.

ఆయన మొహం ముందు ఎర్రబడింది. తర్వాత వాలిపోయింది. "అంత గాలీ నేనొక్కణ్ణే అనుభవిస్తున్నానన్నమాట" అన్నాడు మెల్లగా. "మేడ తీసేయండి. మరలు అక్కడే పెట్టండి."

కొండ మీద మరలు లేచాయి. ఓబయ్య మనుషులే నిలబెట్టారు. కొలిమి ఆరింది. తొలి దీపం నేతపేటలో వెలిగింది. ఆ వేసవంతా సోమభూపాలుడు విసనకర్రతో విసురుకుంటూ, చెమటలు కక్కుతూ కోటలోనే గడిపాడు.

నీతి: ఎంత మంచి పనైనా, దాని భారం మోసేవాళ్లను ముందుగా అడగాలి, ఆ భారంలో మన వంతు మనమూ మోయాలి.