మునెమ్మకి మొదటి చెంబు

పక్కకి జరుగు తల్లీ, నాక్కాస్త చోటివ్వు. ఊఁ కొడతానంటేనే చెప్తాను. మధ్యలో నిద్రపోయి, రేపు మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటే మాత్రం చెప్పను.

అనగా అనగా, గంధపు చెట్ల కొండ కింద ఒక ఊళ్ళో అక్కాచెల్లెళ్ళు ఇద్దరుండేవాళ్ళు. అక్క పేరు కుప్పమ్మ, చెల్లెలి పేరు మునెమ్మ. వాళ్ళమ్మ పోతూ పోతూ ఒక పెద్ద రాగి బాన, దాంతోపాటు ఒక పనీ ఇచ్చి పోయింది. గంధపు నీళ్ళు తీసే పని.

ఆ నీళ్ళు ఎలా తీస్తారో తెలుసా? గంధపు చెక్కని దంచి, రెండ్రోజులు నానబెట్టి, బానలో పోస్తారు. మూత చుట్టూ పిండి మెత్తి, కింద సన్నటి సెగ పెడతారు. ఆవిరంతా ఒక గొట్టంలోంచి పోయి, చల్లబడి, బొట్టు బొట్టుగా కుండలో పడుతుంది. పైన తేలిన నూనె తీసేస్తే అడుగున మిగిలేవే గంధపు నీళ్ళు. ఎండకి కమిలిన మొహాలకి, చంటిపిల్లల చెమటకాయలకి, పెళ్ళికూతుళ్ళ బుగ్గలకి అవే రాసేవాళ్ళు. వాళ్ళమ్మ ఒకటే చెప్పింది, "అందులో పచ్చినీళ్ళు చుక్క కూడా పడనివ్వకండే, పాడైపోతాయి" అని.

ఒకరోజు కుప్పమ్మకి తొందరెక్కువైంది. బాన ఇంకా చల్లారలేదు. "తియ్యవే మూత, ఏం చూస్తున్నావ్?" అని చెల్లెల్ని కసిరింది. అక్క చెప్పింది కదా అని మునెమ్మ తీసేసింది. అప్పుడు ఆవిరి గుప్పున వచ్చి ఆ పిల్ల ఎడమ బుగ్గంతా కాల్చేసింది.

పుండు మానింది గానీ, ఆ చోట చర్మం ఉల్లిపొరలా పలచబడిపోయింది. ఎండ తగిలితే చాలు, ఒకటే మంట, దద్దుర్లు. గంధపు నీళ్ళలో గుడ్డ తడిపి వేస్తే తప్ప చల్లబడేది కాదు. అప్పుడు కుప్పమ్మ చెల్లెలి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. "ఏటా మొదటి చెంబు నీదేనే మునెమ్మా. ఆ తర్వాతే ఇంకెవరికైనా."

ఆ తర్వాత మునెమ్మకి వాగు అవతలి ఊళ్ళో పెళ్ళయింది. కుప్పమ్మ ఒట్టు తప్పలేదు. ఎండలు ముదరకముందే మొదటి చెంబు వాగు దాటేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఊఁ అనవేం? ఉన్నావా అసలు?

అప్పుడు ఏమైందంటే, ఈ నీళ్ళ సంగతి దొరవారి ఇంటిదాకా వెళ్ళింది. దొరసానమ్మ మొహానికి రాసుకుని మురిసిపోయి పల్లకీ పంపించింది. "కుప్పమ్మగారూ" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మన కుప్పమ్మని గారూ అన్నవాళ్ళు లేరు. ఇంక చూస్కో, ఆవిడ కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

మొదటి ఏడు, మొదటి చెంబు దొరసానమ్మకి వెళ్ళింది. "మునెమ్మ మన పిల్లే కదా, నాల్రోజులు ఆగుతుందిలే" అనుకుంది కుప్పమ్మ. పాపం, మునెమ్మ ఆగింది.

రెండో ఏడు, చెల్లెలికి వెళ్ళింది అరచెంబే. మునెమ్మ వాటినే వేసవంతా పొదుపుగా వాడుకుంది. ఎందుకు తగ్గాయక్కా అని కబురైనా పెట్టలేదు.

మూడో ఏడు దొరవారింట్లో పెళ్ళి. తీసినవన్నీ పెళ్ళివారికే సరిపోయాయి. చెల్లెలికని చూస్తే చెంబు అడుగున గుక్కెడు మిగిలాయి. ఇంత పేరున్న అక్క గుక్కెడు నీళ్ళు పంపితే ఆ ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారు? కుప్పమ్మ చెంబు పట్టుకుని గడపలో చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత బావి దగ్గరికి నడిచింది. మా బావి నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఏమవుతుందిలే అనుకుని చెంబు నిండా పోసేసింది. చూడ్డానికి ఏ తేడా లేదు. మూతికి గుడ్డ కట్టి పంపించేసింది.

నాకు ఆ కుప్పమ్మ మీద ఎంత కోపమొస్తుందో! కానీ ఆవిడ చెడ్డది కాదు తల్లీ. గుక్కెడు నీళ్ళు పంపడానికి సిగ్గుపడింది. పడాల్సిన చోట పడలేదు ఆ సిగ్గు, అదీ బాధ.

ఇరవై రోజులకి చాటలమ్మే ఆవిడ వాగు దాటి వచ్చింది. "మీ చెల్లెలు మొహమ్మీంచి కొంగు తియ్యట్లేదమ్మా. బుగ్గంతా చీము పట్టిందంట" అంది.

కుప్పమ్మ దొరసానమ్మకని కొత్తగా తీసిపెట్టిన కుండ చంకనెత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఎండలో పరిగెత్తింది.

మునెమ్మ వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. అక్కని చూడగానే కొంగు బుగ్గమీదికి లాక్కుంది. కుప్పమ్మ ఆ కొంగు తీసి చూసింది. బుగ్గంతా పుళ్ళే. వాపుకి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. గూట్లో చెంబుంది. నీళ్ళ మీద బూజు తెట్టు కట్టింది. నీళ్ళు అడుక్కి వచ్చేశాయి. అంటే రోజూ రాసుకుందన్నమాట.

"నీళ్ళు కలిపానే మునెమ్మా" అంటూ కుప్పమ్మ నేలమీద కూలబడింది.

"తెలుసక్కా. గుడ్డ విప్పగానే వాసనకే తెలిసింది. నేనూ ఆ బాన దగ్గరే పెరిగాను కదా."

"తెలిసీ ఎందుకు రాసుకున్నావే, పిచ్చిదానా?"

మునెమ్మ కాసేపు బియ్యంలో రాళ్ళు వెతికింది. "పారబోస్తే, మా అక్క నాకు కల్తీ నీళ్ళు పంపిందని ఒప్పుకున్నట్టే కదక్కా. నాకు మనసొప్పలేదు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ చెంబు తీసి మొహాన కొట్టినా బాగుండేది. ఆ ఒక్క మాటకి కుప్పమ్మ బావురుమని ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం చెప్పు?

ఆ తర్వాత ఆవిడ అక్కడే ఉండిపోయి, అసలైన గంధపు నీళ్ళతో పూటపూటా తడిగుడ్డ వేసింది. పుళ్ళు మానాయి. బుగ్గమీద గుంటలు మాత్రం అలాగే మిగిలాయి. దొరసానమ్మ పల్లకీ రెండుసార్లు వచ్చి వెనక్కి పోయింది. మూడోసారి రాలేదు.

అప్పట్నుంచి ఏటా మొదటి చెంబు కుప్పమ్మే మోసుకెళ్ళేది. చెల్లెలి చేతికిచ్చి, "ముందు వాసన చూడవే" అని బతిమాలేది. మునెమ్మ చూసేది కాదు. "నువ్వు తెచ్చావుగా అక్కా" అని నేరుగా దోసిట్లో పోసుకుని బుగ్గకి రాసుకునేది. కుప్పమ్మ మొహం పక్కకి తిప్పుకునేది. ముసలిదై కర్ర పట్టుకుని వాగు దాటే రోజుల్లోనూ, ఈసారైనా చూస్తుందేమో, మంచివేనక్కా అంటుందేమో అని ఎదురుచూసింది. మునెమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.

గంధం చెట్టు కొండకు,
గంధపు నీళ్ళు కుండకు,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి.