సాలీడవ్వ దారాల సభ

అనగనగా ఒక అడవిలో వాన పట్టుకుందంటే ఇక వదలదు. ఎవరి గూట్లో వాళ్లే బందీలు. పలకరించే దిక్కు లేక దిగాలు పడేవాళ్లు. అది చూసి సాలీడవ్వ గూటికీ గూటికీ దారం కట్టింది. దారం లాగి మాట్లాడితే చాలు, అందరికీ వినపడుతుంది.

"రోజూ ఏ వేళకు ఏం జరగాలో నువ్వు చూడవే, నోరున్నదానివి," అని రత్తి అనే గోరింకకు అప్పజెప్పింది. "ఒక్కటి గుర్తుంచుకో. లాగని దారం నాని తెగిపోతుంది. మాటిమాటికీ కట్టే ఓపిక నాకు లేదు."

"అదెంత పని!" అంది రత్తి.

పొద్దున పాటల పోటీ పెట్టింది. మధ్యాహ్నం పాటల పోటీ. సాయంత్రం? ఇంకేముంది, పాటల పోటీయే! గెలిచేదెవరు? రత్తే!

ముందు గుడ్లగూబ దారం తెగింది. "నిద్రమొహం," అంది రత్తి. తర్వాత ముళ్లపంది దారం తెగింది. "పాట విలువ దానికేం తెలుసు?" అంది. ఆఖరికి తాబేలు తాత దారం కూడా తెగింది.

సాలీడవ్వ మండిపడింది. "సభ నడపమంటే నీ ఊరేగింపు నడుపుకుంటున్నావటే? పో, వాళ్లకేం కావాలో వాళ్లనే అడుగు!"

రత్తి వానలో తడుస్తూ వెళ్లింది.

"నువ్వు పాడేది నేను పడుకునే వేళ," అని గుడ్లగూబ ఆవులించింది.

"నాకు పాట రాదమ్మా. దుంపల సంగతి అడుగు, పొద్దుగూకేదాకా చెబుతా," అంది ముళ్లపంది.

తాబేలు తాత మెల్లగా మెడ బయటపెట్టాడు. "నేను... నోరు... తెరిచేలోపు..."

"సభ అయిపోతుంది, అంతేగా!" అని అందుకుంది రత్తి. వెంటనే నాలుక కరుచుకుంది.

సాలీడవ్వ సణుగుతూనే దారాలు మళ్లీ కట్టింది. ఇప్పుడు పొద్దున పాటలు. మధ్యాహ్నం తిండి కబుర్లు. మునిమాపున, గుడ్లగూబ లేచే వేళకు, తాత కథ. తాత మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ దూరకూడదు.

ఒక సాయంత్రం తాత మొదలుపెట్టాడు. "వాగులో... ఎర్ర..."

చిలకలు కిసుక్కుమన్నాయి. రత్తికీ నాలుక దురద పెట్టింది. అయినా ఓర్చుకుంది. "నోళ్లు ముయ్యండర్రా, తాతను చెప్పనివ్వండి!" అని కసిరింది.

"...నీళ్లు... వచ్చాయి. వరద... వస్తోంది. ఒడ్డున... ఉన్నవాళ్లు... లేవండి."

ఒడ్డున ఉన్నది ముళ్లపంది, దాని పిల్లలు. గుడ్లగూబ దారి చూపింది. వాళ్లంతా గుట్ట ఎక్కారు. తెల్లారేసరికి వాళ్ల బొరియ వాగులో కలిసిపోయింది.

ఓపిక లేదన్న సాలీడవ్వ, ఎవరూ అడక్కుండానే గుట్టదాకా దారం కట్టింది.

మధ్యాహ్నం ఆ దారం గట్టిగా కదిలింది. "ఏమే రత్తీ, తిండి కబుర్ల వేళయింది. ఇంకా మొదలుపెట్టవేం? ఇక్కడి దుంపల రుచే వేరు!"

నీతి: సభ నడిపేవాళ్లు తమ గొంతు ఒక్కటే వింటే సభ మిగలదు, ప్రతివాళ్లకూ ఒక వేళ ఇస్తే ఆ సభే అందరినీ కాపాడుతుంది.