గాలి లోపలికి పోయే దారి

మార్కండేయులు గారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తిన వేసుకోవడమేనని ఆయన శిష్యులందరికీ తెలుసు. జీవుడెవరని అడిగిన ఒకాయన చేత బావిలో పూడిక తీయించారనీ, మాయ అంటే ఏమిటని అడిగిన ఒకావిడను పెరట్లో చిక్కుడుపందిరి వెయ్యమన్నారనీ బొబ్బిలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదంతా తెలిసి కూడా భీమశంకరం, ఒక సాయంత్రం ఆయన్ని ప్రవచనానికి సాలూరు తీసుకువెళుతూ, కారు నడుపుతూనే అడిగేశాడు. ఇన్నేళ్ళుగా ఒక్క పూట తప్పకుండా జపం చేస్తున్నాడు కదా, అయినా తన కోపం ఎందుకు తగ్గడం లేదు?

గురువుగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఏసీ గాలి వచ్చే కంతల్లోంచి, వానాకాలంలో మడతపెట్టి మరిచిపోయిన తడిబట్టల వాసన మొహం మీద కొడుతోంది.

"ముందు ఈ కంపు ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టు నాయనా. నీ కోపం సంగతి తరవాత చూద్దాం," అన్నారాయన.

భీమశంకరానికి ఒళ్ళు మండింది. అతను రిజిస్ట్రేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. కారు తనది, నడిపేదీ తనే. వారం వారం గురువుగారిని సాలూరు తీసుకువెళ్ళి తీసుకురావడం తన భాగ్యమని నలుగురిలోనూ చెప్పుకుంటాడు. అలాంటి కారు కంపు కొడుతోందని గురువుగారి నోటే వినాల్సి రావడం అతనికి తల కొట్టేసినట్టయింది. అదీ వెనక సీట్లో వరహాలమ్మ వింటూ ఉండగా.

వరహాలమ్మది రామభద్రపురం. సంతలో ఎండుచేపలు అమ్ముకుంటుంది. మోకాళ్ళు పట్టేసి బస్సు మెట్లెక్కడం కష్టమవుతోందని తెలిసి, దారే కదా, ఎక్కించుకుందామని గురువుగారే అన్నారు. అప్పటినుంచి ఆవిడ జంక్షన్లో నిలబడి ఉండడం, వీళ్ళు ఎక్కించుకోవడం మామూలైంది. అక్షరం ముక్క రాకపోయినా, పోయినవారం ప్రవచనం ఎక్కడ ఆగిందో గురువుగారు మరిచిపోతే అందించేది ఆవిడే. వారమంతా ఆ ఒక్క సాయంత్రం కోసమే ఎదురుచూస్తానని ఆవిడే ఒకసారి చెప్పింది.

ఆ వారమంతా భీమశంకరం కారుతో కుస్తీ పట్టాడు. మల్లెపూల సెంటుసీసా ఒకటి తెచ్చి కంతకు తగిలించాడు. కంపు పోలేదు సరికదా, కుళ్ళిన మల్లెల కంపైంది. నిమ్మచెక్కలు పెట్టాడు, కర్పూరం బిళ్ళలు పెట్టాడు, కాఫీపొడి గుడ్డలో మూటకట్టి సీటు కింద దోపాడు. అద్దాలన్నీ బిగించి లోపల సాంబ్రాణి పొగ వేశాడు. మర్నాడు భార్య అందులో కూర్చుని, ఎవరిదో సంవత్సరీకం పెట్టిన ఇంటికి వచ్చినట్టుందని, దిగి ఆటోలో వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టిందతనికి. తట్టగానే, ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎలా తోచలేదా అని తనమీద తనకే జాలివేసింది. ఎండుచేపలమ్మే మనిషిని వారం వారం వెనక కూర్చోబెట్టుకుంటే కారు కంపు కొట్టక పన్నీటి వాసన వేస్తుందా?

మరుసటి వారం అతను కాస్త ముందుగా బయల్దేరి, ఒక్కడే రామభద్రపురం వెళ్ళి, వరహాలమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. వాసనకు గురువుగారికి దగ్గు వస్తోందనీ, ఏమీ అనుకోవద్దనీ, కొన్నాళ్ళు బస్సులో రమ్మనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"నాను తానం సేసి, ఉతికిన కోక కట్టుకునే వత్తన్నాను బాబూ," అంది. "అయినా నీకు కంపు కొడతంటే బస్సులోనే వత్తాన్లే," అంది.

వెనక్కి వచ్చి గురువుగారిని ఎక్కించుకున్నాడు. వరహాలమ్మేదని ఆయన అడిగితే బస్సులో వస్తానందన్నాడు. ఆ రోజు ఆవిడ ఎవరి చెయ్యో పట్టుకుని బస్సు మెట్లు దిగి వచ్చేసరికి సాలూరులో హారతి ఇస్తున్నారు. ఆ పై వారం రానేలేదు.

కంపు మాత్రం ఎక్కడికీ పోలేదు. భీమశంకరం సీటు కవర్లన్నీ ఊడదీసి సర్ఫునీళ్ళలో నానబెట్టి ఉతికాడు. అవి ఆరాక తొడిగి ఏసీ వేస్తే మళ్ళీ అదే కంపు, ఇంకా కాస్త బలంగా. ఇక లాభం లేదు, ఆవిడ తెచ్చిన వాసన సీటులోని స్పాంజిలోకి ఇంకిపోయిందని నిర్ధారణ చేసుకుని, ఆ మాటే దారిలో గురువుగారికి విన్నవించాడు. అప్పటికి కారు రామభద్రపురం జంక్షన్ దాటుతోంది.

"ఆపు," అన్నారు మార్కండేయులు గారు.

దిగి, రోడ్డుపక్క కల్వర్టు గట్టు మీద కూర్చున్నారు. వాసన సంగతి తేలేదాకా కారెక్కననీ, సాలూరులో జనం ఎదురుచూస్తే చూడనిమ్మనీ అన్నారు. భీమశంకరానికి ఏడుపొక్కటే తక్కువ. తను చెయ్యని ప్రయత్నం లేదని, కంతలన్నీ బ్రష్షు పెట్టి తోమానని, సెంటు దగ్గర్నుంచి సాంబ్రాణి దాకా అన్నీ అయ్యాయని, ఇంకేం చెయ్యమంటారని గొంతు పెంచే అడిగాడు. గురువుగారితో అంత గొంతుతో అతనెప్పుడూ మాట్లాడలేదు.

"గాలి బయటికి వచ్చేచోటు అంతా తోమావు, బాగానే ఉంది. లోపలికి పోయేచోటు ఏదీ?"

అదెక్కడో భీమశంకరానికి తెలీదు. విసురుగా వెళ్ళి బానెట్ ఎత్తాడు. ముందు అద్దం కింద, వైపర్లు ఉండేచోట, జల్లెడలాంటి నల్లటి ప్లాస్టిక్ పలక అడ్డంగా ఉంది. గాలి పోవడానికి తనకు కనబడిన దారి అదొక్కటే. డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, గొణుక్కుంటూ మరలు విప్పి, పలక పైకెత్తాడు.

కింద గుంటనిండా నల్లగా, జిగటగా ఏదో ముద్ద. చెయ్యిపెట్టి తీశాడు. బంతిపూలు. చామంతులు, మరువం, వాటిని గుచ్చిన దారాలు చిక్కుపడిపోయి, వాన నీళ్ళకు కుళ్ళి కంపు కొడుతున్నాయి. తీసినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

రోజూ పూజ కాగానే బయట, కారు ముందు అద్దం కింద పూలదండ పెట్టడం భీమశంకరం అలవాటు. మర్నాడు కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని చెత్తలో వెయ్యకూడదు, ఎవరి కాళ్ళకిందా పడకూడదు. దేవుడి నిర్మాల్యమాయె. అందుకని వేలితో భద్రంగా ఆ పలక పక్కనున్న సందులోకి దోపేసేవాడు. ఆ సందు ఎక్కడికి పోతుందో ఎన్నడూ ఆలోచించలేదు. పైగా ఈ జాగ్రత్త ఎంతమందికి ఉంటుందని మనసులో తనను తానే మెచ్చుకునేవాడు కూడా.

రెండు చేతులా ఆ ముద్ద పట్టుకుని అతను కల్వర్టు దగ్గరికి వచ్చాడు. ఇవి నేను పెట్టినవేనండీ అన్నాడు. ఉతికిన చీర కట్టుకుని జంక్షన్లో నిలబడిన మనిషి గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ఆ ముద్దను తీసుకెళ్ళి పొలం గట్టున ఒక చెట్టు మొదట్లో వేసి వచ్చాడు. వరహాలమ్మ ఇల్లు సంత వెనకే, ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. చేతులు కడుక్కుని వెళ్ళి ఆవిణ్ణి తీసుకొస్తానని, కాస్త నీళ్ళు పొయ్యమని దోసిలి పట్టాడు.

మార్కండేయులు గారు నీళ్ళసీసా మూత బిగించి పక్కన పెట్టేశారు.

"తరవాత కడుక్కుందువుగాని నాయనా. ఆ చేతులతోనే వెళ్ళి పిలుచుకురా."