ఇసుకమేట మీద దుప్పిపిల్ల

చింతవాగుకి ఇటు అడవి, అటు కొండ. అడవికి పెద్ద ఎలుగుబంటి. కొండకి పెద్ద అడవిపంది. నడుమ వాగులో ఓ ఇసుకమేట ఉంది. గడ్డిపోచైనా మొలవని చోటు కాబట్టి అది మాదంటే మాదని ఎవరూ అనలేదు.

ఒక ఏడు కొండ మీద వానల్లేక గడ్డి మాడిపోయింది. గోరింట అనే ఆడదుప్పి నిండు చూలుతో వాగు దాటి అడవికి వచ్చింది. ఎలుగుబంటి దాని డొక్కలు చూసి, "కడుపుతో వచ్చినదాన్ని కాదంటామా, ఉండమ్మా" అంది. ఆ అడవిలోనే గోరింట ఈనింది. నుదుట తెల్లమచ్చ ఉందని పిల్లకి పాలచుక్క అని పేరు పెట్టుకుంది. పాలచుక్క ఆ అడవి కుందేళ్లతో ఆడింది, ఆ అడవి నీళ్లు తాగింది. కొండంటే దానికి దూరంగా కనబడే నీలం రంగే.

తర్వాత ఏడు కరువు అడవికీ వచ్చింది. ఎలుగుబంటికి సలహాలు చెప్పే నక్క మెల్లగా మాట కదిపింది.

"పెద్దయ్యా, ఉన్నవాళ్లకే మేత చాలట్లేదు. వచ్చినవాళ్లని వచ్చిన దారినే పంపెయ్యాలి."

"గోరింట వచ్చింది, నిజమే. పిల్ల ఇక్కడ పుట్టిందేగా?" అంది ఎలుగుబంటి.

"పుడితే మాత్రం? దారిన పోయే ఆవు మన చేలో ఈనితే దూడ మనదవుతుందా? తల్లి ఎక్కడిదో పిల్లా అక్కడిదే."

వినడానికి బాగానే ఉంది. ఎలుగుబంటి తల ఊపింది.

గోరింట బతిమాలింది. "దీని బొడ్డు కొరికిన చోటు చూపిస్తాను, రండి పెద్దయ్యా." ఎలుగుబంటి ముఖం తిప్పుకుంది.

తల్లీపిల్లా వాగు దాటి కొండ కిందకి చేరారు. అడవిపంది దారికి అడ్డంగా నిలబడింది.

"గోరింటా, నువ్వు మా ఆడపడుచువి, రా. పిల్లకి మాత్రం కుదరదు."

"నా కడుపున పుట్టిందయ్యా."

"కొండ మీద పుట్టలేదుగా. ఇక్కడ పుట్టినవాళ్లే మావాళ్లు. తాతల నాటి కట్టుబాటు."

"అక్కడేమో తల్లి ఊరికి పొమ్మన్నారు."

"అది వాళ్ల కట్టు, ఇది మా కట్టు. మధ్యలో నేనేం చెయ్యను?" అంది పంది. జాలిపడింది గానీ దారి ఇవ్వలేదు.

ఇక మిగిలింది ఇసుకమేట. దాని మీద నిలబడి పాలచుక్క రెండు ఒడ్లూ చూసింది. "అమ్మా, నేనేం తప్పు చేశాను?"

"ఏమీ చెయ్యలేదు తల్లీ. పుట్టావు, అంతే."

కొండకి పోయి మేసే హక్కు గోరింటకి ఉంది. కానీ పిల్లని వదిలి ఎలా పోతుంది? ఆకలికి గోరింట డొక్కలు ఎండిపోయాయి. అది కనిపెట్టే నక్క మేట మీదకి వచ్చింది.

"పాపం, మరదలా, ఎంత చిక్కిపోయావు. నువ్వెళ్లి నాలుగు పరకలు కొరుక్కుని రా. పిల్లని నేను చూసుకుంటాను."

మాట తేనెలా ఉంది, నోట్లోంచి మాత్రం చొంగ కారుతోంది. అప్పుడు అర్థమైంది గోరింటకి. అడవిలో తోటిదాన్ని తింటే ఎలుగుబంటి అడుగుతుంది, కొండ మీద తింటే పంది అడుగుతుంది. ఎక్కడిదీ కాని పిల్లని తింటే అడిగే దిక్కు లేదు. ఈ నక్క బాధంతా మేత గురించి కాదు.

గోరింట పిల్లని తన వెనక్కి జరుపుకుంది. "నీ దయ, బావా. కానీ రేపు దీనికేమన్నా అయితే నీ మీదకి మాట వస్తుంది. ఇది ఎవరిదీ కాదని ఇద్దరు పెద్దల చేతా ఇక్కడే అందరి ముందూ అనిపించు. ఆ తర్వాత నేను మేతకి పోతాను."

మెత్తని మాంసం కళ్ల ముందుంటే తెలివి వెనకబడుతుంది. నక్క పరుగున పోయి ఇద్దరు పెద్దల్నీ పిలుచుకొచ్చింది. చుట్టుపక్కల జంతువులన్నీ ఒడ్డున చేరాయి. నక్క పెళ్లాం కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

నక్క గొంతు సవరించుకుంది. "తల్లి ఎక్కడిదో పిల్లా అక్కడిదే. ఇది మన అడవి కట్టు. ఎవరికీ మినహాయింపు లేదు."

"ఎవరికీ లేదా, బావా?" అంది గోరింట.

"మహారాజుకైనా లేదు."

"అయితే నీ పెళ్లాం, మా అక్క సంగతి చెప్పు. నువ్వు నన్ను మరదలా అంటున్నది, అక్కదీ నాదీ ఒకే కొండ అనేగా? మరి అక్క పిల్లలు ఎక్కడివాళ్లు?"

నక్క పెళ్లాం పిల్లల్ని పొట్ట కిందకి లాక్కుంది.

"వాళ్లు అడవిలో పుట్టారు. మా కొండకి రానివ్వం" అంది పంది.

"నా పిల్లల సంగతి వేరు" అంది నక్క.

"ఎలా వేరు?" అడిగింది ఎలుగుబంటి. "నువ్వు చెప్పిన కట్టే కదరా. సరే, మీ పిల్లల్నీ ఈ ఇసుక మీదకే దింపు."

నక్క పెళ్లాం ఏడుస్తూ ముందుకు నడిచింది. అంతలో పాలచుక్క దానికి ఎదురెళ్లింది.

"వద్దు పెద్దయ్యా. ఇక్కడ నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్లు చిన్నపిల్లలు."

ఎలుగుబంటి పాలచుక్క దగ్గరికి వచ్చి తల దించుకుంది. చివరికి, "మా అడవిలో కళ్లు తెరిచిన పిల్ల మా పిల్లే. దాన్ని సాకే తల్లి దాని దగ్గరే ఉంటుంది" అంది. పంది కాలితో ఇసుక గీకుతూ, "కొండ ఆడపడుచు బిడ్డ అమ్మమ్మ ఇంటికి వస్తానంటే మాత్రం ఎవరు కాదంటారు" అని గొణిగింది.

గోరింట పిల్లని ముందు నడిపించుకుని అడవిలోకి వెళ్లి, వాగొడ్డునే తలవంచి గడ్డి కొరికింది. నక్కకి సలహాదారు పని పోయింది. పెళ్లాం దాన్ని పలకరించకుండా, పిల్లల్ని తీసుకుని ముందే వెళ్లిపోయింది.

పరాయి బిడ్డ కాళ్ల ముందు గీసిన గీత మన గుమ్మం దాకా రాకుండా ఆగదు.